సీసా మీద పది శాతం, లోపల ఎంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ముఖం మీది గీతలు తగ్గిస్తాయంటున్న పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క) సీరమ్‌ల గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. ఇంట్లో సీరమ్ ఉంటే సీసాను పక్కన పెట్టుకుని చదవండి. మధ్యలో లేబుల్ చూడాల్సి వస్తుంది.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. నవ్వితే కళ్ల చివర, కనుబొమలు ఎత్తితే నుదుటి మీద గీతలు పడుతున్నాయి. పెప్టైడ్ సీరమ్ రాస్తే సూది లేకుండానే బొటాక్స్ చేయించుకున్నట్టు ఉంటుందని ప్రకటనల్లో చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: సీరమ్, బొటాక్స్ సూదిమందు రెండింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే కానీ ఫలితం ఒకటి కాదు. ఎందుకో తెలియాలంటే కండరం ఎలా ముడుచుకుంటుందో ముందు చూడాలి.

మీరు కనుబొమలు ఎత్తాలనుకోగానే నరం కొసలోని అతి చిన్న సంచులు నరం గోడకు అతుక్కుని ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని బయటికి వదులుతాయి. అది తగిలితే కండరం ముడుచుకుంటుంది, దాంతోపాటు పైనున్న చర్మం మడత పడుతుంది. సంచి గోడకు అతుక్కోవాలంటే మూడు ప్రొటీన్లు తాడు పురిలా పెనవేసుకోవాలి. వాటిలో ఒకటి స్నాప్-25. బొటాక్స్‌లో ఉండే బొటులినమ్ టాక్సిన్ ఈ స్నాప్-25నే కోసేస్తుంది. పురి పడదు, సంచి తెరుచుకోదు, కండరానికి కబురు అందదు.

మీరు చూస్తున్న సీరమ్‌లలో ఎక్కువగా ఉండేది ఎసిటైల్ హెక్సాపెప్టైడ్-8. స్పెయిన్‌లోని లిపోటెక్ సంస్థ ఆర్జిరెలిన్ పేరుతో తెచ్చింది ఇదే. ఆరు అమైనో ఆమ్లాలను వరసగా గుచ్చి తయారుచేసిన ఈ చిన్న గొలుసు, స్నాప్-25లోని ఒక కొస ముక్కకు నకలు. ఇది దేన్నీ కోయదు. అసలు ప్రొటీన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుని, పురి గట్టిగా బిగియకుండా అడ్డుపడుతుంది. కణాల మీద నేరుగా వేసి చేసిన ప్రయోగాల్లో ఈ అడ్డుపడటం కనిపించింది.

అయితే మీ ముఖంలో ఆ నరం కొసకూ సీరమ్‌కూ మధ్య చర్మం ఉంది. చర్మం గుండా తేలిగ్గా దిగాలంటే పదార్థపు అణుభారం 500 డాల్టన్ల (అణువుల బరువుకు కొలమానం) లోపు ఉండాలని చర్మశాస్త్రంలో ఒక లెక్క. ఈ పెప్టైడ్ 889 డాల్టన్లు, పైగా నీళ్లలో కరిగే రకం. చర్మం పైనున్న మృతకణాల పొర కొవ్వులతో నిండి ఉంటుంది కాబట్టి నీటి పదార్థాలను లోపలికి రానివ్వదు. 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఈ పెప్టైడ్ ఉన్న క్రీమును మనిషి చర్మపు ముక్కల మీద రాసి, ఏ పొరలో ఎంత చేరిందో కొలిచారు. దాదాపు అంతా పైనే ఉండి కడిగితే పోయింది. మృతకణాల పొరలో దొరికింది 0.22 శాతం, దాని కింది బాహ్యచర్మంలో 0.01 శాతం. ఆ కిందున్న అంతశ్చర్మంలో ఏమీ దొరకలేదు. నుదుటి కండరం ఆ అంతశ్చర్మానికీ, దాని కింది కొవ్వుకీ ఇంకా అడుగున ఉంటుంది.

అలాగని రాసినా ఒకటే, రాయకున్నా ఒకటే అనడం కూడా సరికాదు. 2002లో పది మంది మహిళలు ఈ పెప్టైడ్ 10 శాతమని చెప్పిన క్రీమును 30 రోజులు రాస్తే ముడతల లోతు 30 శాతం దాకా తగ్గిందని తయారీ సంస్థవాళ్లు కూడా ఉన్న బృందం ప్రచురించింది. 2013లో చైనాలో 60 మందితో, కొందరికి పెప్టైడ్ లేని క్రీము ఇచ్చి, నాలుగు వారాలు పరీక్షించినప్పుడు పెప్టైడ్ రాసినవారిలోనే మెరుగుదల నమోదైంది. రెండూ చిన్న పరీక్షలు, కొద్ది వారాలవి. వీటిని బట్టి మీరు ఆశించదగినది సన్న గీతలు కాస్త మెత్తబడటం. కనుబొమలు ఎత్తినా నుదురు కదలకుండా ఉండటం మాత్రం సూదితో టాక్సిన్‌ను కండరంలోకి పంపితేనే సాధ్యం. దాని ప్రభావం మూడు నుంచి ఏడు రోజుల్లో మొదలై మూడు నాలుగు నెలలు ఉంటుంది.

ప్రశ్న: నా దగ్గర రెండు సీసాలున్నాయి. ఒకదాని మీద పెద్ద అక్షరాలతో 10 శాతం అని ఉంది. ఇంకోదానిలో పెప్టైడ్ పేరు పదార్థాల జాబితాలో చిట్టచివర ఉంది. చివర ఉందంటే పేరుకే వేశారనుకోవాలా?

జవాబు: అలా అనుకోకండి. ఆ 10 శాతం కూడా మీరు అనుకుంటున్న 10 శాతం కాకపోవచ్చు.

సీరమ్ తయారుచేసేవారు ఈ పెప్టైడ్‌ను ఎక్కువగా పొడి రూపంలో కొనరు. నీళ్లలో కరిగించి ఉన్న ద్రావణం కొంటారు. ఎక్కువగా దొరికే ద్రావణంలో అసలు పెప్టైడ్ 0.05 శాతం. ఆ ద్రావణాన్ని 10 శాతం కలిపితే సీరమ్‌లో చేరే పెప్టైడ్ 0.005 శాతం, అంటే పది లక్షల భాగాల్లో 50 భాగాలు. లేబుల్ మీద ‘ద్రావణం 10 శాతం’ అని రాయడం తప్పు కాదు. చదివినవారు దాన్ని పెప్టైడ్ 10 శాతమని అర్థం చేసుకోవడంతోనే చిక్కు వస్తోంది. లెక్క మీరే వేసుకోవచ్చు: ద్రావణం శాతాన్ని, ద్రావణంలోని పెప్టైడ్ శాతంతో గుణించి వందతో భాగించండి.

ఇక జాబితా సంగతి. ఒక శాతం కన్నా ఎక్కువ వాడినవి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం లోపు ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాయవచ్చు. 0.005 శాతం ఉన్న పెప్టైడ్ చివర ఉండటం సహజం. దాన్ని కాస్త పైకి జరిపి, సంరక్షకాల (సీరమ్ పాడవకుండా కాపాడే పదార్థాలు) ముందు రాసుకున్న కంపెనీ సీరమ్‌లో పెప్టైడ్ ఎక్కువేమీ ఉండదు. సంరక్షకాల్లో ఒకటైన ఫీనాక్సీఎథనాల్ ఎక్కడుందో చూడండి. దాన్ని చాలా దేశాల్లో ఒక శాతానికి మించి వాడనివ్వరు. అందువల్ల దాని తర్వాత ఉన్నవన్నీ ఒక శాతం లోపువే. వాటి వరసను చూసి మంచీ చెడూ తేల్చలేరు.

నా మాటగా చెప్పాలంటే, ద్రావణం ఎంతో, అందులో పెప్టైడ్ ఎంతో రెండూ విడివిడిగా చెప్పే కంపెనీని ఎక్కువ నమ్మండి.

ప్రశ్న: ఈ పెప్టైడ్ పొడిగానూ ద్రావణంగానూ దొరుకుతోంది. ఇంట్లోనే 30 గ్రాముల సీరమ్ చేసుకుందామనుకుంటున్నాను. కొలతలు చెప్పండి.

జవాబు: పొడి కొనకండి. కారణం లెక్కలోనే ఉంది. 30 గ్రాముల్లో 0.005 శాతం అంటే 1.5 మిల్లీగ్రాములు. ఇళ్లలో వాడే చిన్న కాటాలు చాలావరకు 10 మిల్లీగ్రాముల కన్నా తక్కువను చూపవు. చెంచా మొనకు అంటుకున్న పొడే మీకు కావలసినదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ద్రావణమైతే తూచాల్సింది 3 గ్రాములు, ఆ పని ఇంట్లో అవుతుంది.

0.05 శాతం ద్రావణంతో 30 గ్రాములకు కొలతలివి: డిస్టిల్డ్ వాటర్ 25.05 గ్రాములు, గ్లిజరిన్ 1.5 గ్రాములు, చిక్కదనం ఇచ్చే హైడ్రాక్సీఎథైల్ సెల్యులోజ్ పొడి 0.15 గ్రాము, పెప్టైడ్ ద్రావణం 3 గ్రాములు, ఫీనాక్సీఎథనాల్‌తో ఎథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిసిన సంరక్షకం 0.3 గ్రాము. గిన్నె, గరిటె, సీసా అన్నిటినీ ముందు స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి.

సెల్యులోజ్ పొడిని తిన్నగా నీళ్లలో వేస్తే పైన తడిసి లోపల పొడిగా ఉన్న ఉండలు కడతాయి. ఎంత తిప్పినా అవి విడవవు. అందుకే దాన్ని ముందు గ్లిజరిన్‌లో తడిపి, పలచని ముద్దలా అయ్యాక నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాలి. గోరువెచ్చని నీళ్లయితే త్వరగా చిక్కబడుతుంది. ద్రవం పూర్తిగా తేటబడి, 40 డిగ్రీల లోపుకు చల్లారాకే పెప్టైడ్ ద్రావణం, సంరక్షకం వేయండి. సంరక్షకం నూనె చుక్కల్లా పైన తేలుతుంటే ఇంకా కలవలేదన్నమాట, అవి మాయమయ్యేదాకా తిప్పాలి. చివరగా పీహెచ్ కాగితంతో చూడండి, 5 నుంచి 6 మధ్య ఉండాలి.

సహజంగా ఉండాలని సంరక్షకం మానేసేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నీళ్లు, గ్లిజరిన్, ప్రొటీన్ ముక్క కలిసిన చోట సూక్ష్మజీవులు రోజుల్లో పెరుగుతాయి. అవి వదిలే ఎంజైములు పెప్టైడ్‌ను తినేస్తాయి. అంతకన్నా ముఖ్యం, మీరు దాన్ని రాసేది కంటి పక్కన. మసకబారినా, వాసన మారినా, జారుడు తగ్గి నీళ్లలా పలచబడినా పారబోయండి. పరిశ్రమల్లో చేసే సూక్ష్మజీవుల పరీక్ష ఇంట్లో కుదరదు కాబట్టి, బాగానే కనిపించినా నెల దాటాక వాడవద్దు.

ప్రశ్న: సీరమ్ రాసిన పది నిమిషాలకే గీతలు తగ్గినట్టు కనిపిస్తాయి. సాయంత్రానికి మళ్లీ మామూలే. పెప్టైడ్ పనిచేసి ఆగిపోతోందా?

జవాబు: పది నిమిషాల్లో కనిపించిన మార్పు పెప్టైడ్‌ది కాదు. సీరమ్‌లోని గ్లిజరిన్, హైలురానిక్ ఆమ్లం నీటిని పట్టి మృతకణాల పొరను ఉబ్బిస్తాయి. సన్న గీతల అంచులు పైకి లేచి లోతు తగ్గినట్టు ఉంటుంది. కొన్నిటిలో ఆరాక చర్మాన్ని బిగపట్టే పలచని పొర ఏర్పరచే పదార్థాలూ ఉంటాయి. నవ్వినప్పుడు చర్మం లాగినట్టుంటే, గీతల్లో తెల్లటి పొడి కనబడితే ఆ పొర పగిలిందన్నమాట. నీరు ఆవిరయ్యేసరికి, పొర విరిగేసరికి గీత తిరిగి వస్తుంది.

పెప్టైడ్ వాటా ఎంతో మీ ముఖం మీదే తేల్చుకోవచ్చు. దాదాపు అదే జారుడు, అదే గ్లిజరిన్ ఉండి పెప్టైడ్ లేని మామూలు సీరమ్ ఒకటి తీసుకోండి. నుదుటికి కుడివైపు పెప్టైడ్‌ది, ఎడమవైపు మామూలుది, ఉదయం రాత్రి నాలుగు వారాలు రాయండి. మధ్యలో వేలి వెడల్పు ఖాళీ వదలండి, రెండు వైపులకూ వేర్వేరు వేళ్లు వాడండి. మొదటిరోజున, ఆ తర్వాత వారానికోసారి ఫోటో తీయండి. నిద్ర లేచి ముఖం కడిగి అరగంట ఆగాక, ఏమీ రాయకముందే తీయాలి. వెలుతురు ఒకే కిటికీ నుంచి పక్కగా పడాలి, ఎదురుగా పడితే గీతలు చదునుగా కనిపిస్తాయి. ఒకటి ముఖం వదులుగా ఉంచి, మరొకటి కనుబొమలు పూర్తిగా ఎత్తి. ఫోన్‌లో చర్మాన్ని నునుపు చేసే సదుపాయం ఉంటే ఆపేయండి. నాలుగు వారాల తర్వాత ఏ ఫోటో ఏ వైపుదో తెలియనివారికి చూపి అడగండి. రెండు వైపులూ ఒకేలా మెరుగుపడితే మీకు కావలసింది మంచి మాయిశ్చరైజర్. ఆ విషయం ఇంకో సీసా కొనేలోపే తెలుస్తుంది.

ప్రశ్న: సీరమ్ మీద సన్‌స్క్రీన్ రాస్తే రబ్బరు తుడిచినట్టు చిన్న చిన్న ఉండలు రాలుతున్నాయి. ఏం తప్పు చేస్తున్నాను?

జవాబు: ఎక్కువ రాస్తున్నారు, తొందరపడుతున్నారు. చిక్కదనం ఇచ్చే పదార్థాలు ఆరకముందే పైన సిలికోన్ ఉన్న సన్‌స్క్రీన్ రుద్దితే రెండూ కలవక చుట్టుకుని ఉండలవుతాయి. నుదుటికి రెండు చుక్కలు, ఒక్కో కంటి చివరకు ఒక చుక్క చాలు. కడిగిన ముఖం కాస్త తడిగా ఉండగా రాసి, వేలికి అంటుకోని దాకా, అంటే రెండు మూడు నిమిషాలు ఆగండి. తర్వాత మాయిశ్చరైజర్, ఆపై సన్‌స్క్రీన్. సన్‌స్క్రీన్‌ను రుద్దకుండా అద్దుతూ పరచండి. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత పట్టాలి. ఉండలు వస్తున్నాయని దాన్ని తగ్గించకండి, తగ్గించాల్సింది సీరమ్‌నే. కంటి దగ్గర ఎముక అంచు మీద రాస్తే చాలు, రెప్ప దాకా తేవద్దు.

ప్రశ్న: విటమిన్ సి, రెటినాల్, గ్లైకాలిక్ ఆమ్లం కూడా వాడుతున్నాను. పెప్టైడ్‌తో కలిపితే విరిగిపోతుందా?

జవాబు: ముఖం మీద ఆమ్లం తగలగానే పెప్టైడ్ ముక్కలైపోతుందన్న భయం అక్కర్లేదు. ఆ బంధాలు అంత బలహీనమైనవి కావు, తెగడానికి చాలా సమయమో వేడో కావాలి. ఒకే సీసాలో నెలల తరబడి కలిపి ఉంచడం మాత్రం సరికాదు. చర్మం మంటపుట్టకుండా ఉండాలంటే ఆమ్లం, రెటినాల్ రాత్రి వేళకు, అదీ ఒక రాత్రి ఒకటి, మరో రాత్రి ఇంకొకటి. పెప్టైడ్ ఉదయం.

నిజంగా దూరంగా ఉంచాల్సిన జతలు రెండు. ఈ పెప్టైడ్‌లో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంది, అది ఆక్సీకరణకు తేలిగ్గా లొంగుతుంది. కాబట్టి మొటిమల మందు బెంజాయిల్ పెరాక్సైడ్‌తో ఒకే పూట వద్దు. రెండోది, నీలంగా ఉండే రాగి పెప్టైడ్‌తో విటమిన్ సి. రాగి విటమిన్ సిని త్వరగా పాడుచేస్తుంది.

ప్రశ్న: వయసు 52. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు నిద్ర లేచినప్పుడు కూడా అలాగే ఉంటున్నాయి. ఆరు నెలలుగా ఆర్జిరెలిన్ రాస్తున్నా మార్పు లేదు.

జవాబు: అద్దం ముందు ముఖం పూర్తిగా వదులు చేసి, ఆ గీతకు రెండు పక్కలా వేళ్లుంచి మెల్లగా దూరంగా లాగండి. గీత పూర్తిగా మాయమైతే అది ఇంకా కదలికతో వచ్చే గీతే. లాగినా సన్నని గాడి మిగిలితే అది అంతశ్చర్మంలోకి దిగింది. అక్కడ చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రొటీన్ కొల్లాజెన్ తగ్గి, ఏళ్ల తరబడి ఒకే చోట మడత పడటంతో ఇస్త్రీ చేసిన మడతలా నిలిచిపోయింది. కండరం కదలికను తగ్గించే ఆలోచనతో చేసిన పెప్టైడ్, అది చెప్పినంతా చేసినా, ఆ గాడిని పూడ్చదు. మీ ఆరు నెలల శ్రమకు ఫలితం రాకపోవడం మీ తప్పు కాదు.

కొల్లాజెన్ వైపు పనిచేయడానికి వేరే రకం పెప్టైడ్లున్నాయి. వాటిలో పామిటాయిల్ పెంటాపెప్టైడ్-4 ఒకటి, మ్యాట్రిక్సిల్ పేరుతో వచ్చింది. కొల్లాజెన్‌లోని ఐదు అమైనో ఆమ్లాల ముక్కకు కొవ్వు ఆమ్లపు తోక తగిలించారు, మృతకణాల పొరలోని కొవ్వుల గుండా జారడానికి. 2005లో ప్రచురితమైన పరీక్షలో 93 మంది మహిళలు ముఖానికి ఒక పక్క ఇదున్న క్రీము, ఇంకో పక్క ఇది లేని క్రీము 12 వారాలు రాశారు. పది లక్షల భాగాల్లో మూడు భాగాలే ఉన్నా సన్న గీతల్లో కొలవదగ్గ తేడా వచ్చింది. గమనించండి, సన్న గీతల్లో.

లోతైన గాడికి ఎక్కువ ఆధారమున్న పై పూత ట్రెటినాయిన్. అది మందు, చర్మవైద్యుల చీటీతోనే తీసుకోవాలి. మామూలుగా 0.025 శాతంతో, వారానికి రెండు మూడు రాత్రులు, ముఖమంతటికీ బఠాణీ గింజంతతో మొదలుపెడతారు. మొదటి వారాల్లో పొట్టు రేగుతుంది, ఎర్రబడుతుంది, ఫలితానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. గర్భం ధరించినవారు, ధరించాలనుకుంటున్నవారు వాడకూడదు. పగటి సన్‌స్క్రీన్ లేకుండా ట్రెటినాయిన్ మొదలుపెట్టవద్దు. కనుబొమల మధ్య గీతలకు ఇంజెక్షన్ గురించి కూడా అదే వైద్యుల దగ్గర అడగండి, 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సౌందర్య అవసరానికి బొటాక్స్‌ను మొదట అనుమతించింది ఈ గీతలకే.

ప్రశ్న: పెప్టైడ్ లోపలికి దిగదంటున్నారు కదా. డెర్మారోలర్‌తో (సన్న సూదులున్న రోలర్) గుచ్చి, వెంటనే సీరమ్ రాస్తే దిగుతుందిగా?

జవాబు: దిగుతుంది. దాంతోపాటు సీసాలో ఉన్నదంతా దిగుతుంది, అందుకే వద్దంటున్నాం. సంరక్షకాలు, సువాసనలు, రంగులు మృతకణాల పొర మీద ఉండటానికి సరిపడినవి, దాని కిందికి వెళ్లడానికి కాదు. 2014లో జామా డెర్మటాలజీ అనే వైద్యపత్రికలో ముగ్గురు మహిళల గురించి వచ్చింది. సూదులతో గుచ్చుకున్నాక పై పూతలు రాసినందువల్ల వారి ముఖం మీద గట్టి ఎర్రటి గ్రాన్యులోమా గడ్డలు లేచాయి. ఒకరి రోలర్ మరొకరు వాడటం, సూదులు శుభ్రం కాకపోవడం వేరే ప్రమాదాలు. గుచ్చుకున్న రోజున రాయాల్సినవి శుభ్రమైన సెలైన్ లాంటివి మాత్రమే, అదీ వైద్యుల చేతిలో. సౌందర్య సాధనంగా అమ్మే ఏ పెప్టైడ్‌నూ సిరంజితో ఎక్కించుకోకండి. సూదిమందులకు కావలసిన శుద్ధి వాటికి చేసి ఉండదు.

ప్రశ్న: పాము విషం క్రీము అని ఒకటి వచ్చింది. రాసుకోవచ్చా? విషం రక్తంలోకి వెళ్లదా?

జవాబు: అందులో విషం లేదు. రక్తపింజరి కుటుంబానికి చెందిన ఒక రకం పాము విషంలో వాగ్లెరిన్-1 అనే పెప్టైడ్ ఉంటుంది. కండరం మీద ఎసిటైల్‌కోలిన్ కూర్చునే చోటును అది మూసేస్తుంది. దాన్ని పోలిన చిన్న అణువును కర్మాగారంలో తయారుచేసి సిన్-ఏక్ అని అమ్ముతున్నారు. లేబుల్ మీద డైపెప్టైడ్ డైఅమైనోబ్యూటిరాయిల్ బెంజైలమైడ్ డైఎసిటేట్ అని ఉంటుంది. అణువు ఆర్జిరెలిన్ కన్నా చిన్నది. అయినా పైన చెప్పిన జాగ్రత్తలు, ఆశించే ఫలితం దీనికీ వర్తిస్తాయి.

ప్రశ్న: ఏళ్ల తరబడి వాడితే కండరాలు బలహీనపడి బుగ్గలు జారిపోతాయని ఒకరు భయపెట్టారు.

జవాబు: అంతశ్చర్మం దాకానే చేరనిది దాని కింది కండరాన్ని జార్చలేదు. మీరు గమనించుకోవాల్సింది చర్మపు అలర్జీని. కొత్త సీసా మొదలుపెట్టే ముందు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత మేర ఉదయం, సాయంత్రం వారం రోజులు రాసి చూడండి. దురద, ఎరుపు, పొక్కులు లేకపోతేనే ముఖానికి. అవి వస్తే చాలాసార్లు కారణం పెప్టైడ్ కాదు, అందులోని సువాసనో సంరక్షకమో. సీసా మార్చేటప్పుడు ఆ రెండింటి పేర్లు రాసి పెట్టుకోండి.